పులుసులో పెట్టని గరిటె

చేపల పులుసు ఉడికేటప్పుడు నెల్లూరు వైపు ఇళ్ళలో సట్టిలో గరిటె పెట్టరు. ముక్క విరిగిపోతుందని, అంచులు గుడ్డతో పట్టుకుని సట్టినే గుండ్రంగా ఊపుతారు. ఆ అరగంటా గుంట గరిటె పొయ్యి పక్కన ఖాళీగా పడి ఉంటుంది. గరిటెను గరిటెగా చూడటానికి అదే మంచి సమయం. చేతిలో ఉన్నంతసేపూ అది పనిముట్టు. పని లేనప్పుడు ఒక సగం గోళం, ఒక పొడుగాటి కాడ, ఆ రెంటి మధ్య ఒక వంపు.

రోజువారీ వస్తువుతో సరదా అయిన అమూర్త (అబ్‌స్ట్రాక్ట్) శిల్పం చేయాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలని నా వాదన. మన ఊళ్ళలో వస్తువుకు శిల్పం అనగానే దాన్ని సిమెంటుతో పది రెట్లు పెంచి, రంగు వేసి, కూడలిలో నిలబెట్టడం అలవాటైంది. లేదంటే రెండో కొసకు పోయి, ఏ వస్తువో పోల్చుకోలేనంతగా మెలితిప్పి దానికి అమూర్తం అని పేరు పెడతారు. మొదటిదాంట్లో ఆట లేదు. రెండోదాంట్లో వస్తువు లేదు. వస్తువు కొలతల్ని దాదాపు అన్నీ నిజాయితీగా ఉంచి, దాని పనిని మాత్రం తీసేసి, ఆ ఖాళీలో అది ఇంకేం చేయగలదో చూడాలి. ఆట అక్కడ పుడుతుంది.

పెంచడమే తప్పయితే ఫిలడెల్ఫియాలో అమెరికా శిల్పి క్లేస్ ఓల్డెన్‌బర్గ్ 1976లో నిలబెట్టిన బట్టల క్లిప్పు సంగతేమిటని ఎవరైనా అడగవచ్చు. అది 45 అడుగుల ఉక్కు. కానీ అది ఒట్టి పెంపు కాదు. క్లిప్పు రెండు ముక్కలూ కౌగిలించుకున్న ఇద్దరు మనుషుల్లా కనిపిస్తాయి. మధ్యలోని స్ప్రింగు వంపుల్లో అమెరికా స్వాతంత్ర్యానికి 200 ఏళ్ళు నిండిన సంవత్సరం, 76 అంకె, కనబడుతుంది. అంటే ఆయన క్లిప్పును బాగా చూసి, అందులో ముందే ఉన్న రెండో రూపాన్ని పైకి తెచ్చాడు. స్విస్ శిల్పి జకోమెట్టి 1926–27లో చేసిన ‘చెంచా స్త్రీ’ కూడా అలాంటిదే. పశ్చిమాఫ్రికాలో దాన్ ప్రజలు చెక్కుకునే పెద్ద గరిటెల్లో ఆడమనిషి రూపం అప్పటికే ఉంది. ఆయన గరిటె గుంటను ఆమె కడుపు చేశాడు.

వంటింటి సామానుకీ అమూర్త శిల్పానికీ ఉన్న చుట్టరికం ఒకసారి కోర్టుదాకా వెళ్ళింది. రుమేనియా శిల్పి బ్రాంకూసీ చేసిన ‘ఆకాశంలో పక్షి’ అనే కంచు శిల్పం 1926లో న్యూయార్కు రేవులో దిగితే, కస్టమ్స్ వాళ్ళు అది పక్షిలా లేదని, శిల్పమే కాదని, వంటపాత్రలూ ఆసుపత్రి సామానూ ఉండే పద్దు కింద 40 శాతం సుంకం వేశారు. 1928లో కోర్టు అది కళాఖండమేనని తేల్చింది. ఈ కథ చెప్పి ఆ అధికారుల్ని వెక్కిరించేవాళ్ళే ఎక్కువ. నాకు మాత్రం వాళ్ళు నునుపునూ ఆకారాన్నీ సరిగానే చూశారనిపిస్తుంది. బాగా చేసిన గరిటెలో అంతటి ఆకారం ఉంటుంది. ఉదయగిరి చెక్క గరిటెలు చేతిలోకి తీసుకుంటే ఈ మాట ఎవరికైనా ఒప్పుకోబుద్ధవుతుంది. దుర్గం కొండల నర్ది, బిక్కి కలపతో చేసే ఆ గరిటెలకు భౌగోళిక గుర్తింపు ఉంది. కాడ నుంచి గుంటలోకి చెక్క నార తెగకుండా సాగేలా ముక్కను ఎంచుకోవడంలోనే గరిటె బలమంతా ఉంటుంది. ఇక ముందు చెప్పేదంతా ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది.

చేయబోయే శిల్పం ఇది: తన గుంట మీద తానే నిలబడే గరిటె. కాడ పైకి లేచి, మెడలా వంగి, తన గుంటలోకే తొంగి చూస్తుంది. వేలితో తోస్తే తంజావూరు బొమ్మలా ఊగి మళ్ళీ లేస్తుంది. గుంటలో పులుసు ఉండాల్సిన చోట చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు బిళ్ళ ఉంటుంది. నల్లటి రాయిలో బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. నునుపు చేస్తే నూనె తేలిన పులుసు మీద తిరగమోత మెరిసినట్టే ఉంటుంది. అలంకారానికని అనుకునేరు, ఆ రాయికి ఇక్కడ బరువు మోసే ఉద్యోగం కూడా ఉంది.

ముందు కాడ సంగతి. ఈ పనిలో ఎక్కువమంది ఓడిపోయేది కాడ దగ్గరే.

తిన్నని పలక మీద వంపు గీసి, జిగ్ రంపంతో కోస్తే ఆకారం వస్తుంది, బలం రాదు. చెక్క నార పలక పొడుగునా తిన్నగా ఉంటుంది. వంపు దగ్గరకొచ్చేసరికి నార కాడకు అడ్డం పడుతుంది. అక్కడ రెండు వేళ్ళ మందం కాడ కూడా బిస్కెట్టులా విరుగుతుంది. నార పది సెంటీమీటర్ల పొడుగులో ఒక సెంటీమీటరు పక్కకు పోతే తట్టుకోవచ్చు. ఐదుకు ఒకటి పోయిందంటే బలంలో సగానికి దగ్గరగా పోయినట్టే. పైగా ఇది జనం తోసే బొమ్మ, కాడ నేలకు తగులుతూనే ఉంటుంది.

దీనికి మందు మన నాగళ్ళలో ఉంది. కర్రనాగలి చేసే వడ్రంగి వంపును కోసేవాడు కాదు, వంకర ఉన్న తుమ్మకొమ్మను వెతికేవాడు. చెట్టు వంగినప్పుడు నార కూడా దాంతోపాటే వంగుతుంది. కాబట్టి పొలం గట్టు మీదో, కట్టెల అడితిలోనో 12, 13 సెంటీమీటర్ల లావు, మీటరు పొడుగు, మెల్లగా ఒకే వైపు తిరిగిన నల్లతుమ్మ కొమ్మ చూసుకోండి. వంపు దగ్గర కణుపు ఉండకూడదు. ఉలి అక్కడ మొరాయిస్తుంది, ఎండాక పగులు కూడా అక్కడే మొదలవుతుంది. కాడకు కావలసింది 5 సెంటీమీటర్లే అయితే అంత లావు ఎందుకంటే, కొమ్మ నడిమధ్య ఉండే బెండును వదిలించుకోవడానికి. బెండును లోపల పెట్టుకున్న గుండ్రటి కర్ర ఎండేటప్పుడు బయటి నుంచి మధ్యకు తప్పకుండా నెర్రె ఇస్తుంది. కొమ్మను ఇనప చీలలు దిగ్గొట్టి నిలువునా రెండుగా చీల్చాలి. తుమ్మ మొండిగా చీలుతుంది, ఓపిక పట్టాలి. రంపం గీత వెంట పోతుంది, చీలిక నార వెంట పోతుంది, అందుకే చీల్చమంటున్నాను. రెండు సగాల్లో వంపు బాగున్నది కాడ, రెండోది అది చెడితే వాడుకోవడానికి.

పచ్చి తుమ్మకు పుచ్చు పట్టే గుణం ఉంది. బయటి తెల్ల కలపలోని పిండి పదార్థానికి పురుగు వస్తుంది. నాగలి దుంగల్ని నెలల తరబడి చెరువులో నానేసి తీయడం ఇందుకే. అంత తీరిక లేకపోతే తెల్ల కలపంతా బాడిసతో చెక్కేసి చేవ మాత్రం ఉంచుకోండి. ఆపైన 2 లీటర్ల వేడినీళ్ళలో 60 గ్రాముల బోరాక్స్, 40 గ్రాముల బోరిక్ యాసిడ్ కలిపి, రెండు రోజుల ఎడంతో మూడుసార్లు పూయండి. చేతికి తొడుగులు వేసుకోవాలి. రెండు కొసలకూ మైనమో పాత ఎనామిల్ పెయింటో పూసి నీడలో ఆరబెట్టాలి. కొసల నుంచి తేమ తొందరగా పోతుంది కనుక ముందు అక్కడే పగులుతుంది. మే నెల ఎండలో డాబా మీద పెడితే ఒక్క మధ్యాహ్నంలో పని చెడుతుంది. వారానికోసారి తూచి రాసుకోండి. వరసగా మూడు వారాలు బరువు మారకపోతే ఆరినట్టు.

గుంట ఉండే గిన్నె భాగానికి వేప. మొద్దులో నుంచి తీయాలంటే చాలా లావుపాటి చెట్టు కావాలి, అది ఎండటానికి ఏళ్ళు పడుతుంది. దానికంటే టింబర్ డిపోలో ఎండిన వేప పలకలు మూడు, ఒక్కొక్కటి 32 సెంటీమీటర్ల పొడుగు, 26 వెడల్పు, నాలుగున్నర మందం, తీసుకుని చిత్రిక పట్టి, నీటికి తట్టుకునే ఫెవికాల్ మెరైన్‌తో ఒకదాని మీద ఒకటి అతికించండి. మూడింటి నారా ఒకే దిక్కున, కాడ వచ్చే వైపు నుంచి ఎదుటి వైపుకు, ఉండాలి. ఒక పలకను అడ్డంగా పెడితే వానాకాలంలో అది ఒక వైపుకు, తక్కినవి ఇంకో వైపుకు ఉబ్బి అతుకు విడిపోతుంది. క్లాంపులు బిగించి ఒక రోజంతా వదిలేయాలి. అతుకుల వల్ల అందం పోతుందని కంగారు పడక్కర్లేదు. గుండ్రంగా చెక్కాక ఆ అతుకు గీతలు అడుగున వలయాల్లా తేలతాయి.

గిన్నె వెలుపలి వ్యాసార్ధం 12 సెంటీమీటర్లు. ముందు లోపల తొలవాలి, తర్వాత బయట చెక్కాలి. దిమ్మె చదరంగా ఉన్నంతవరకు బల్లకు బిగించుకోవచ్చు. బయట గుండ్రం చేసేస్తే ఇక దాన్ని పట్టుకునే దారి ఉండదు. పైన 18.4 సెంటీమీటర్ల అడ్డకొలత వృత్తం గీసి, 16 మిల్లీమీటర్ల బిట్టుకు 58 మిల్లీమీటర్ల దగ్గర టేపు చుట్టి, వృత్తమంతా బెజ్జాలు వేయండి. మధ్యలో మిగిలిన చెక్కను గుండ్రటి మొన ఉన్న ఉలితో, కొడతితో తీస్తూ 6 సెంటీమీటర్ల లోతుకు సమంగా దించండి. ఆ అడుగున మళ్ళీ నడిమధ్య 10 సెంటీమీటర్ల అడ్డకొలత, 3 సెంటీమీటర్ల లోతున్న రెండో గుంట. ఇది సీసానికి.

సీసం ఎందుకో లెక్కలో చూడాలి. గుండ్రటి అడుగున్న బొమ్మ పడి లేవాలంటే దాని మొత్తం బరువుకు కేంద్రం, ఆ గుండ్రం కేంద్రం కంటే కిందుండాలి. మన గిన్నెలో గుండ్రం కేంద్రం అంచు మట్టంలో, నేలకు 12 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. ఆ మట్టానికి పైనున్న బరువు పడేయడానికి చూస్తుంది, కిందున్నది లేపడానికి చూస్తుంది. అడుగున 5 సెంటీమీటర్ల మందం నుంచి కొసన రెండున్నరకు సన్నబడే, 75 సెంటీమీటర్ల పొడుగు తుమ్మ కాడ సుమారు 700 గ్రాములు తూగుతుంది. వంగి ఉంటుంది కనుక దాని గురుత్వ కేంద్రం ఆ మట్టానికి 25 సెంటీమీటర్ల పైన అనుకుందాం. బరువును ఆ దూరంతో గుణిస్తే అది ఎంత గట్టిగా పడేస్తుందో తెలుస్తుంది: 700ను 25తో గుణిస్తే 17,500. కింద వైపు: తొలిచిన వేప గిన్నె 1,300 గ్రాములు, కేంద్రం 5.4 సెంటీమీటర్ల కింద, అంటే దగ్గరదగ్గర 7,000. 18 సెంటీమీటర్ల అడ్డకొలత, 3 సెంటీమీటర్ల మందం ఉన్న గెలాక్సీ బిళ్ళ 2,290 గ్రాములు, ఎందుకంటే ఈ రాయి ఒక ఘన సెంటీమీటరుకు 3 గ్రాములు తూగుతుంది. దాని కేంద్రం నాలుగున్నర కింద, అంటే 10,300. రెండూ కలిపితే 17,300.

పై లెక్క 17,500, కింది లెక్క 17,300. బొమ్మ పడిపోతుంది. రెండు కిలోల పైచిలుకు రాయి ఉంది కదా, ఇంకేం కావాలని చేతి అంచనాతో కానిచ్చేవాళ్ళు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. వలలకు కట్టే సీసపు గుళ్ళు కిలో తెచ్చి కింది గుంటలో వేస్తే అవి మట్టానికి 8 సెంటీమీటర్ల కింద కూర్చుని 8,000 పైచిలుకు కలుపుతాయి. ఇప్పుడు కింది లెక్క 25,300. మిగులు 7,800. ఈ మిగులే బొమ్మను లేపుతుంది. కొత్తపట్నం, జువ్వలదిన్నె లాంటి రేవు ఊళ్ళలో ఈ గుళ్ళు తేలిగ్గా దొరుకుతాయి. సీసాన్ని కరిగించి గుంటలో పోయాలని ఎవరికైనా ఆలోచన వస్తే వెంటనే మానుకోండి. చెక్క మాడుతుంది, ఆ పొగ విషం. గుళ్ళను తొడుగులున్న చేతులతో గుడ్డ సంచిలో పోసి, చివర ఎపాక్సీ జిగురుతో పూర్తిగా మూసేయాలి. పిల్లలు తాకే వస్తువు ఇది.

మిగులు మరీ పెంచినా ఆట పోతుంది. రెండు కిలోల సీసం కుక్కితే బొమ్మ టక్కున లేచి నిలబడుతుంది, బడిలో మాస్టారు పిలిచినట్టు. మిగులు తక్కువగా ఉంటేనే ఊపు నిదానంగా, బద్ధకంగా, అందంగా ఉంటుంది.

అదే మిగులు వాలును కూడా నిర్ణయిస్తుంది. కాడ గురుత్వ కేంద్రం గిన్నె నడుమ గీతకు ఒక సెంటీమీటరు పక్కకు ఉంటే బొమ్మ 5 డిగ్రీలు అటు వాలి ఆగుతుంది. మూడు సెంటీమీటర్లు ఉంటే 15 డిగ్రీలు. కాడ తగిలించడానికి అంచున ఒక వైపు వదిలే చెక్క చెవి కూడా లెక్కలోకి వస్తుంది. 80 గ్రాముల చెవి 13 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, దాన్ని సరిదిద్దడానికి కాడ కేంద్రం ఎదుటి వైపు ఒకటిన్నర సెంటీమీటర్లు జరగాలి. ఇదంతా కాగితం మీద తేల్చుకోనక్కర్లేదు. కాడను టేపుతో కట్టి, రాయిని అతికించకుండా పెట్టి, కింద సీసపు సంచిని అటూ ఇటూ జరిపి చూడండి. సంచి ఒక సెంటీమీటరు జరిగితే 7 డిగ్రీల తేడా వస్తుంది. రెండో గుంటను అవసరానికి మించి వెడల్పు చేయమన్నది ఇందుకే. నా మట్టుకు 12 నుంచి 15 డిగ్రీల వాలు సరైనది. నిటారుగా నిలబడ్డ గరిటె బహుమతి కప్పులా ఉంటుంది. వాలిన గరిటె బంతిలో ఎవరి విస్తరి ముందో వంగినట్టుంటుంది.

బయట చెక్కేటప్పుడు 12 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో అట్టముక్క కోసి, దాని లోపలి అంచుకు బొగ్గు రాసి, అడుగున రాస్తూ పోండి. నల్లటి గీత పడినచోట ఆకురాయి వేయాలి. అంచు దగ్గర రెండు మిల్లీమీటర్లు తేడా ఉన్నా ఎవరికీ తెలియదు. అడుగున అరచేయి వెడల్పు మేర మాత్రం అర మిల్లీమీటరు చదును కూడా పనికిరాదు. ఊగి ఊగి బొమ్మ అక్కడే మొండికేసి కూర్చుంటుంది. చెవిని 6 సెంటీమీటర్ల వెడల్పు ఉంచి, అందులో 45 డిగ్రీల వాలుగా 25 మిల్లీమీటర్ల బెజ్జం 5 సెంటీమీటర్ల లోతుకు వేసి, కాడ మొదలును అందులో బిగుతుగా దూరేలా గుండ్రంగా చెక్కి, ఎపాక్సీతో నిలపాలి. సుత్తితో కొట్టి దించాల్సినంత బిగువైతే చెవి చీలుతుంది.

రాయి కోసం కొత్త పలక కొనవద్దు. వంటగట్టులో సింకు కోసం, వాష్ బేసిన్ కోసం గెలాక్సీ పలకకు పెద్ద రంధ్రం కోస్తారు, ఆ కోసిన ముక్క చీమకుర్తి, ఒంగోలు వైపు కటింగు యూనిట్లలో పడి ఉంటుంది. అదే చాలు. సాధారణంగా 2, 3 సెంటీమీటర్ల మందాల్లో వస్తుంది, 3ది అడగండి. గుండ్రంగా కోయించి, పైఅంచును కొద్దిగా ఒరిపించి, నీళ్ళు పోస్తూనే పాలిష్ చేయించాలి. పొడిగా కోస్తే ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

బిళ్ళ 18 సెంటీమీటర్లయితే గుంట 18.4 ఎందుకో మన వాతావరణం చెబుతుంది. ఏప్రిల్, మే వడగాలులకు చెక్క ఎండి కుంచించుకుంటుంది. నెల్లూరుకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి, అప్పుడు ఉబ్బుతుంది. చెక్కలో తేమ 6 శాతం మారితే నారకు అడ్డంగా ఒకటి, ఒకటిన్నర శాతం కదలిక ఉంటుంది. 18 సెంటీమీటర్లకు అది రెండు నుంచి మూడు మిల్లీమీటర్లు. రాయి కదలదు. నవంబరులో రాయిని బిగువుగా కూర్చోబెట్టి ఎపాక్సీ పోస్తే, మే నెలలో కుంచించుకునే గిన్నెకు పగలడం తప్ప వేరే దారి ఉండదు. చుట్టూ 2 మిల్లీమీటర్ల సందు ఉంచి, రాయి కింద మూడు చోట్ల సిలికాన్ బొట్లు పెడితే చాలు. ఆ సందు సన్నటి నీడ గీతలా కనిపించి, ద్రవం అంచులా ఉంటుంది కూడా.

గరుకు కాగితం 80, 120, 220 వరసలో. 120 అయ్యాక తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే నూగు లేస్తుంది, దాన్ని 220తో తీసేయాలి. గిన్నెను అద్దంలా చేయండి, కాడ మీద మాత్రం ఉలి దెబ్బలు ఉంచేయమంటాను. చేయి పట్టుకునే చోటు అది, చేతిపని అక్కడ తెలియాలి. పైపూతకు వంటింటి వేరుశనగ నూనె వాడితే అది ఎప్పటికీ ఆరదు, జిడ్డుగా మారి దుమ్ము పట్టి ముక్కవాసన వేస్తుంది. హార్డ్‌వేర్ కొట్లో దొరికే ఉడికించిన అవిసె నూనె పల్చగా మూడు పూతలు, పూతకూ పూతకూ ఒక రోజు ఎడం. ఆ నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకూడదు. ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతటవే అంటుకుంటాయి. విప్పి ఆరబయట పరచండి, లేదా నీళ్ళ బకెట్టులో వేయండి.

ఇక ఆకారం విషయంలో ఒక్క పట్టుదల. వంగిన కాడ, వాలిన ఒళ్ళు చూసి చాలామందికి వరిమడిలో కొంగ గుర్తొస్తుంది. అప్పుడు కాడ కొసన ముక్కు చెక్కాలని, కన్ను పెట్టాలని చేయి లాగుతుంది. పెట్టవద్దు. కన్ను పెట్టిన క్షణాన గరిటె చచ్చిపోయి, ఎగ్జిబిషన్‌లో అమ్మే కొంగబొమ్మ మిగులుతుంది. గరిటెకూ కొంగకూ మధ్య చూసేవాడి మనసు ఊగాలి. బొమ్మ ఊగేది కూడా అందుకే. కాడ కొసన గోడకు తగిలించే కొక్కెం కూడా ఇదే కారణంతో తీసేయాలి, అది గరిటె వైపు మరీ లాగుతుంది. పరీక్ష తేలిక: రాత్రి దీపం పెట్టి నీడను గోడ మీద పడనివ్వండి. ఒక వైపు నుంచి గరిటె అని తేల్చి చెప్పగలగాలి, తొంభై డిగ్రీలు తిప్పితే చెప్పలేకపోవాలి. రెండు వైపుల నుంచీ గరిటే కనిపిస్తే కాడ వంపును కొద్దిగా పక్కకు మెలి తిరిగేలా సన్నబరచవచ్చు. ఎటు నుంచీ కనబడకపోతే గిన్నె అంచును మరీ తినేశారని అర్థం, దానికి మాత్రం తిరుగు లేదు.

పీఠం మోకాలి ఎత్తుకు మించకూడదు, లేకపోతే పిల్లలకు అందదు. పైన 60 సెంటీమీటర్ల చదరం మార్కాపురం పలకరాయి పరచండి. దాని గరుకు పట్టు ఇస్తుంది, పాలిష్ చేసిన టైలు మీద బొమ్మ ఊగకుండా జారుతుంది. చుట్టూ రెండు సెంటీమీటర్ల గట్టు కడితే దొర్లిపోకుండా ఆగుతుంది. ‘ముట్టరాదు’ అనే బోర్డు దగ్గరకు రానివ్వకండి. అక్టోబరులో మొదటి వానలు పడ్డాక ఒకసారి, మే చివర ఒకసారి రాయి చుట్టూ ఉన్న సందులో పోస్టుకార్డు దూర్చి చుట్టూ తిప్పి చూడండి. ఎక్కడైనా ఆగితే అక్కడ గిన్నె అంచును లోపలి నుంచి ఆకురాయితో రెండు వెంట్రుకల మందం తీసి, ఒక చుక్క అవిసె నూనె రాయండి.